పొగకు సాక్షి ఎవరు?

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు తన బోర్డుకు రాసిన లేఖ ఎంత కలకలం రేపిందో ఆ రోజుల్లో పేపరు చదివినవాళ్లు మర్చిపోయి ఉండరు. కంపెనీ పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వల కింద చూపిన 5,361 కోట్ల రూపాయల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆ లేఖ ఒప్పుకుంది. అందరి నోటా వచ్చిన మొదటి ప్రశ్న ఒక్కటే: మరి ఇన్నేళ్లూ ఆడిటర్లు ఏం చేస్తున్నట్టు? 2011 ఏప్రిల్‌లో అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ ఇచ్చిన ఉత్తర్వులో దీనికి సూటి జవాబు దొరికింది. డబ్బు ఉందో లేదో చెప్పమంటూ బ్యాంకులకు ఉత్తరాలు పంపడం, జవాబులు అందుకోవడం ఆడిటర్ల పని. ఆ రెండింటినీ వాళ్లు సత్యం యాజమాన్యానికే వదిలేశారు. ఎవరి లెక్కను అనుమానించాలో వాళ్ల చేతుల మీదుగానే సాక్ష్యం నడిచింది.

కంపెనీలు వదిలే హరితగృహ వాయువుల లెక్కను సరిచూసేవాళ్ల గురించి చెప్పబోతూ ఈ పాత గాయాన్ని కదపడానికి కారణం ఉంది. సత్యం విషయంలో అబద్ధాన్ని పట్టుకునే దారి అంటూ ఒకటి ఉండేది. బ్యాంకుకు నేరుగా ఉత్తరం రాస్తే బండారం బయటపడేది. కానీ జగ్గయ్యపేట దగ్గరో మేళ్లచెరువు దగ్గరో ఉన్న ఒక సిమెంటు ఫ్యాక్టరీ తన పొగగొట్టం నుంచి ఈ ఏడాది ఇన్ని లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ పోయిందని రాసిచ్చిందనుకోండి. ఆడిటర్ ఎవరికి ఉత్తరం రాయాలి? పోయిన వాయువుకు రంగు లేదు, వాసన లేదు, పొద్దు గూకేలోపు జిల్లా సరిహద్దు దాటిపోతుంది. పాస్‌బుక్ లేని ఖాతా అది.

అయినా ఈ లెక్కల మీద ఇవాళ చాలా డబ్బు నడుస్తోంది. ఐరోపాలో కార్బన్ ధర వీటి మీదే ఆధారపడుతుంది. పెన్షన్ ఫండ్లు వాటాలు కొనేముందు వీటిని చూస్తున్నాయి. మన దగ్గర స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వీటిని అడుగుతోంది. కాబట్టి ఈ అంకె ఎక్కడ పుడుతుందో, దాన్ని ఎవరు ఎలా సరిచూస్తారో తెలుసుకోవడం వాతావరణ శాస్త్రంలో భాగమే.

లెక్క పుట్టే చోటు

కంపెనీ నివేదికల్లో "మా ఉద్గారాలను కొలిచాం" అనే మాట తరచుగా కనిపిస్తుంది. నిజానికి చాలా ఫ్యాక్టరీల్లో కొలవరు, లెక్కగడతారు. ఈ లెక్కకు ప్రపంచమంతా వాడే పద్ధతిని వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్, వరల్డ్ బిజినెస్ కౌన్సిల్ ఫర్ సస్టెయినబుల్ డెవలప్‌మెంట్ కలిసి 2001లో ప్రచురించాయి, 2004లో సవరించాయి. దాని పేరు జీహెచ్‌జీ ప్రోటోకాల్. అది ఉద్గారాలను మూడు స్కోపులుగా విడదీసింది. సొంత బట్టీలో, బాయిలర్‌లో, లారీల్లో కాల్చింది స్కోప్ 1. కొనుక్కున్న కరెంటు తయారీలో వెలువడింది స్కోప్ 2. ముడిసరుకు సరఫరాదారుల నుంచి అమ్మిన సరుకు వాడకం దాకా మిగిలినదంతా స్కోప్ 3. పెట్రోలు అమ్మే కంపెనీకి అసలు బరువంతా ఈ మూడో గదిలోనే ఉంటుంది, సరిచూడడం అత్యంత కష్టమైనదీ అదే. ఈ అధ్యాయంలో మొదటి గది దగ్గరే ఎక్కువసేపు ఆగుదాం. అన్నిటికంటే తేలికైనదని పేరున్న ఆ గదిలోనే ఎన్ని సందులున్నాయో చూస్తే మిగతావాటి సంగతి ఊహించుకోవచ్చు.

ఒక థర్మల్ విద్యుత్ కేంద్రం ఏడాదికి 25 లక్షల టన్నుల బొగ్గు కాలుస్తుందనుకుందాం. ఆ బొగ్గులో 40 శాతం కార్బన్ ఉందని ల్యాబ్ చెప్పింది. అంటే 10 లక్షల టన్నుల కార్బన్. ఒక్కో కార్బన్ పరమాణువు రెండు ఆక్సిజన్ పరమాణువులను పట్టుకుని బయటికి వెళ్తుంది కాబట్టి 12 పాళ్ల కార్బన్ 44 పాళ్ల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. 10 లక్షలను 44తో గుణించి 12తో భాగిస్తే 36.67 లక్షల టన్నులు. బూడిదలో కాలకుండా మిగిలిన కాస్త కార్బన్‌ను తీసేస్తే లెక్క ముగిసినట్టే. ఇంటర్ కెమిస్ట్రీ చదివినవాళ్లు ఎవరైనా చేయగలరు.

ఇప్పుడు ఆ 40ని 38 చేసి చూడండి. జవాబు 34.83 లక్షల టన్నులకు దిగుతుంది. ఒక్క కాగితం మీద రెండంకెలు మారితే 1.83 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ మాయం. పొగగొట్టంలో మాత్రం ఏమీ మారలేదు.

ఆ 40 ఎక్కడిది? వ్యాగన్ల నుంచి, కన్వేయర్ బెల్టు మీది నుంచి ఎత్తిన బొగ్గును నలగ్గొట్టి, కలిపి, పాళ్లుగా విడదీసి, మళ్లీ నలగ్గొట్టి, చివరికి పిండిలా మారిన దానిలోంచి ఒక గ్రాము, అంతకంటే తక్కువే, తీసి పరీక్షిస్తారు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక మెతుకు చాలు. కానీ బొగ్గు అన్నం కాదు. ఒకే గనిలో ఒక పొర నల్లగా మెరుస్తుంది, దాని కింది పొరలో సగం రాయి ఉంటుంది. మన బొగ్గులో బూడిద పాలు మరీ ఎక్కువ. ఎక్కడి నుంచి పార ఎత్తారన్నదే ఏడాది లెక్కను అటూ ఇటూ చేయగలదు.

సిమెంటుది ఇంకో తీరు. అక్కడ బొగ్గు నుంచి వచ్చేదానికంటే సున్నపురాయి నుంచి వచ్చేదే ఎక్కువ. రాయిని కాలిస్తే సున్నం మిగిలి కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది. కిల్న్ అనే బట్టీలో తయారయ్యే, సిమెంటుకు మూలమైన క్లింకర్‌లో దాదాపు 65 శాతం సున్నం ఉంటుంది. ఆ లెక్కన టన్ను క్లింకర్‌కు రాయి నుంచి మాత్రమే అర టన్నుకు పైగా వాయువు పుడుతుంది. దీంట్లో మోసం చేయడానికి రసాయనశాస్త్రం ఒప్పుకోదు. అయితే క్లింకర్ ఎన్ని టన్నులు? చాలాచోట్ల దాన్ని నేరుగా తూచరు. అమ్మిన సిమెంటు, వాడిన పాళ్లు, షెడ్డులో మిగిలిన గుట్ట, వీటిని బట్టి వెనక్కి లెక్కగడతారు. ఆ గుట్ట కొలత దగ్గర తేడా వస్తే ఉద్గారాల దగ్గరా వస్తుంది.

ఈ గొడవంతా లేకుండా పొగగొట్టంలోనే పరికరం పెట్టి కొలవవచ్చు కదా అని మీరు అడగొచ్చు. అమెరికాలో ఆమ్లవర్షాల కట్టడికి 1990లో చేసిన చట్ట సవరణ తర్వాత పెద్ద విద్యుత్ కేంద్రాల చిమ్నీల్లో అలాంటి పరికరాలే పెట్టారు. అవి వాయువు గాఢతను బాగానే పట్టుకుంటాయి. కానీ చిమ్నీలో గాలి సుడులు తిరుగుతూ పోతుంది, దాని వేగాన్ని కచ్చితంగా పట్టుకోవడం కష్టం. ఇంధనం లెక్కనూ పరికరం కొలతనూ పక్కపక్కన పెట్టిన పరిశోధకులకు దేశం మొత్తానికి రెండూ దగ్గరగానే కనిపించాయి. ఒక్కో కేంద్రాన్ని విడిగా చూసినప్పుడు మాత్రం గణనీయమైన తేడాలు బయటపడ్డాయి.

మంచి నిబంధనకు చెడ్డ కొడుకు

చైనా 2021 జూలైలో దేశవ్యాప్త కార్బన్ మార్కెట్‌ను తెరిచింది. మొదట విద్యుత్ కేంద్రాలే అందులో ఉన్నాయి. బొగ్గులోని కార్బన్‌ను ప్రతి కేంద్రం స్వయంగా పరీక్ష చేయించాలని అక్కడి అధికారుల కోరిక. బద్ధకించేవాళ్లను దారికి తేవడానికి ఒక ఉపాయం చేశారు. పరీక్ష చేయించని కేంద్రానికి కావాలనే ఎక్కువగా పెట్టిన ఒక ప్రామాణిక అంకెను అంటగట్టారు. గిగాజౌల్ వేడికి 0.03356 టన్నుల కార్బన్ అన్నది ఆ అంకె. అంతర్జాతీయ మార్గదర్శకాల్లో సాధారణ బొగ్గుకు చెప్పినదానికంటే ఇది 30 శాతం దాకా ఎక్కువ. పరీక్ష చేయించుకుంటే అంత మేరకు లాభం, లేకపోతే జరిమానా కట్టినట్టే.

ఆలోచన బాగుంది, కాదనలేం. కాని ఒక కాగితం మీద 30 శాతం లాభం ఉందంటే ఆ కాగితాన్ని తయారుచేసి ఇచ్చే దుకాణం కూడా తెరుచుకుంటుంది. ఇన్నర్ మంగోలియాలోని ఒర్దోస్‌కు చెందిన ఒక కంపెనీ ల్యాబ్ నివేదికలను దిద్ది లెక్క చూపిన వ్యవహారం 2021లో బయటపడింది. 2022 మార్చిలో చైనా పర్యావరణ మంత్రిత్వ శాఖ నాలుగు సంస్థల పేర్లను బహిరంగంగా ప్రకటించింది. అవి చిన్నాచితకా సంస్థలు కావు. ఆ రంగంలో దేశంలోనే పేరుమోసిన సలహాదారు సైనోకార్బన్ అందులో ఉంది. పరీక్షా నివేదికలను తారుమారు చేశారని, బొగ్గు నమూనాలనే దొంగవి తయారుచేయించారని మంత్రిత్వ శాఖ ఆరోపణ. ధ్రువీకరణ పనిని మొక్కుబడిగా ముగించారని కూడా అంది.

ఇందులో రెండో ఆరోపణ దగ్గర ఒక్క క్షణం ఆగండి. కాగితాన్ని దిద్దితే ల్యాబ్ దగ్గరున్న అసలు ప్రతితో పోల్చి పట్టుకోవచ్చు. శాంపిలే దొంగదైతే? ల్యాబ్ నిజాయితీగా పరీక్షిస్తుంది, నిజాయితీగా సంతకం పెడుతుంది. ఆ సంతకాన్ని చూసిన ఆడిటర్ కూడా నిజాయితీగానే తలూపుతాడు. గొలుసులో ఒక్క మొదటి లింకు తప్ప మిగతావన్నీ సవ్యంగా ఉంటాయి. ఆఫీసులో కూర్చుని ఫైళ్లు తిరగేసే ఏ తనిఖీకీ ఇది దొరకదు.

చైనా తర్వాత రెండు పనులు చేసింది. ప్రామాణిక అంకెను 0.03085కు తగ్గించి మోసంలోని లాభాన్ని కుదించింది. 2024 మే నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలతో కార్బన్ లెక్కల్లో మోసానికి శిక్షలు పెంచింది. నా మటుకు మొదటిదే తెలివైన పని. దొంగతనంలో లాభం తగ్గించడం దొంగను పట్టుకోవడం కంటే చౌక.

సంతకంలో ఎంత బరువు

స్వతంత్రంగా లెక్క సరిచూసేవాళ్లు నిజంగా ఏం చేస్తారో ఇప్పుడు చూద్దాం. వాళ్లు అనుసరించే ప్రమాణాలు ముఖ్యంగా రెండు. ఇంజనీర్ల సంస్థలు ఎక్కువగా ఐఎస్ఓ 14064 మూడో భాగాన్ని పట్టుకుంటాయి. అకౌంటెంట్ల సంస్థలు ఐఎస్ఏఈ 3410ను పట్టుకుంటాయి. ఒకరికి కిల్న్ తెలుసు, ఇంకొకరికి పుస్తకాలు తెలుసు. ఇద్దరూ ఒకే బృందంలో ఉంటే మేలు.

మంచి ఆడిటర్ అంకెల పట్టిక దగ్గర మొదలుపెట్టడు, ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలుపెడతాడు. ఏయే చోట్ల ఇంధనం కాలుతోందో నడిచి చూస్తాడు. జాబితాలో లేని డీజిల్ జనరేటర్ షెడ్డు వెనకాల ఉందేమో వెతుకుతాడు. లారీ కాటా చీటీలను కొనుగోలు బిల్లులతో, బిల్లులను చెల్లింపులతో కలిపి చూస్తాడు. కాటాకు చివరిసారి ముద్ర ఎప్పుడు పడిందో అడుగుతాడు. బొగ్గు తగ్గి కరెంటు ఉత్పత్తి తగ్గకపోతే ఎలా కుదిరిందని నిలదీస్తాడు. ఈ చివరిది అన్నిటికంటే పదునైన ఆయుధం. శక్తి నిత్యత్వ నియమాన్ని ఏ యాజమాన్యమూ దిద్దలేదు కదా.

ఇంతా చేసి ఇచ్చే సంతకం రెండు రకాలు. లిమిటెడ్ అష్యూరెన్స్ అంటే, మేం చూసినంతలో తప్పుందని అనిపించే విషయమేదీ మా దృష్టికి రాలేదని చెప్పడం. రీజనబుల్ అష్యూరెన్స్ అంటే, ముఖ్యమైన విషయాలన్నిటిలో ఈ లెక్క సరిగ్గా ఉందని మా అభిప్రాయం అని చెప్పడం. మొదటిదానికి శ్రమ తక్కువ, ఫీజు తక్కువ, దాని మీద పెట్టుకోగల నమ్మకమూ తక్కువ. వార్షిక నివేదిక అట్ట మీద మాత్రం రెండూ "స్వతంత్ర సంస్థ ధ్రువీకరించింది" అన్న ఒకే మాటగా అచ్చవుతాయి.

ఎంత తేడాను తప్పు అనాలి? ఐరోపా కార్బన్ మార్కెట్‌లో దీనికి అంకెలున్నాయి. ఏడాదికి 5 లక్షల టన్నులకు మించి వదిలే కర్మాగారానికి 2 శాతం, అంతకంటే చిన్నవాటికి 5 శాతం. ఆ మార్కెట్‌లోని ప్రతి కర్మాగారమూ ఏటా మార్చి 31లోగా ధ్రువీకరించిన నివేదిక ఇవ్వాలి.

ఈ ధ్రువీకరణ ఉత్తుత్తి లాంఛనం కాదని ఐరోపాకు మొదటి ఏడాదే తెలిసివచ్చింది. 2005లో మార్కెట్ మొదలైనప్పుడు ఏ కర్మాగారం ఎంత వదులుతోందో ప్రభుత్వాలకు సరిగా తెలియదు. కంపెనీలు చెప్పుకున్న అంచనాలను బట్టి వాయువు వదిలే పర్మిట్లు పంచేశారు. 2006 ఏప్రిల్ నాటికి టన్ను పర్మిట్ ధర 30 యూరోల దగ్గర ఉంది. అప్పుడు మొదటి ధ్రువీకరించిన లెక్కలు ఒక్కో దేశం నుంచి బయటికి రావడం మొదలైంది. వదిలినదాని కంటే పంచిన పర్మిట్లే ఎక్కువని తేలింది. కొద్ది వారాల్లో ధర సగానికి పైగా పడిపోయింది, 2007లో దాదాపు సున్నాకు చేరింది. ఒక మార్కెట్‌ను కూల్చిన తనిఖీ అని దీన్ని తిట్టినవాళ్లున్నారు. నిజానికి ఆ మార్కెట్ అంచనాల మీద లేచింది, తనిఖీ దాన్ని వాస్తవం మీదికి దించింది.

అయితే సరిచూసిన లెక్క వేరు, గాలికి జరిగిన మేలు వేరు. స్కోప్ 2లో ఈ తేడా బాగా కనిపిస్తుంది. పునరుత్పాదక విద్యుత్తు సర్టిఫికెట్లు కొంటే, అదే బొగ్గు కరెంటు వాడుతూనే కాగితం మీద ఉద్గారాలను తగ్గించుకోవచ్చు. నిబంధనలు దీన్ని ఒప్పుకుంటాయి కాబట్టి ఆడిటర్ కూడా ఒప్పుకుంటాడు. 2022లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం వందకు పైగా కంపెనీల లెక్కలను తిరగేసింది. 2015 నుంచి 2019 మధ్య స్కోప్ 2 ఉద్గారాలు 31 శాతం తగ్గాయని అవి చెప్పుకున్నాయి. సర్టిఫికెట్లు తీసేసి చూస్తే తగ్గుదల 10 శాతమే.

ఫీజు ఎవరు కట్టాలి

ఇంతవరకూ అడగకుండా వచ్చిన ప్రశ్న ఇదే. సరిచూసేవాణ్ణి ఎంచుకునేది ఎవరు, ఫీజు కట్టేది ఎవరు? చాలా దేశాల్లో, చాలా పథకాల్లో, ఎవరి లెక్క చూడాలో వాళ్లే. గట్టిగా మాట్లాడిన ఆడిటర్‌కు వచ్చే ఏడాది పిలుపు రాకపోవచ్చు. ఇది నీతి గురించిన అనుమానమా, నిజంగా ఫలితాన్ని మార్చే విషయమా? మన దేశంలోనే దీన్ని ప్రయోగం చేసి తేల్చారు.

గుజరాత్‌లో హైకోర్టు ఉత్తర్వు వల్ల 1996 నుంచి కాలుష్య పరిశ్రమలకు బయటి ఆడిటర్ల తనిఖీ తప్పనిసరి. ఆడిటర్‌ను ఫ్యాక్టరీయే ఎంచుకునేది, ఫ్యాక్టరీయే ఫీజు ఇచ్చేది. 2009లో ఎస్తర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికోలస్ రయాన్ అనే ఆర్థికవేత్తలు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలితో కలిసి అహ్మదాబాద్, సూరత్ ప్రాంతాల్లోని 473 ఫ్యాక్టరీలను లాటరీతో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు పాత పద్ధతే. రెండో గుంపులో ఏ ఫ్యాక్టరీకి ఏ ఆడిటర్ వెళ్లాలో కూడా లాటరీయే నిర్ణయించింది. ఫీజు అందరికీ ఒకటే, అదీ ఉమ్మడి నిధి నుంచి. ఆడిటర్ వెళ్లొచ్చాక కొన్నిచోట్లకు వేరే బృందాన్ని పంపి మళ్లీ కొలిపించారు. రెండో ఏడాది, కొలత ఎంత సరిగ్గా ఉంటే అంత ఎక్కువ పారితోషికం అన్నారు.

పాత పద్ధతి గుంపులో ఆడిటర్ల నివేదికలు చూస్తే పొగగొట్టాల ధూళి పరిమితిని దాటిన ఫ్యాక్టరీలు 7 శాతమే. మళ్లీ కొలిస్తే 59 శాతం. నివేదికల్లోని అంకెలను గీత మీద పెడితే, అనుమతించిన పరిమితికి కాస్త కిందే చీమలబారులా పోగుపడి ఉన్నాయి. కొత్త పద్ధతిలో కాలుష్యాన్ని దాచి బాగుందని రాయడం 80 శాతం తగ్గింది. నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది వేరే విషయం. రెండు గుంపుల్లోనూ పనిచేసిన ఆడిటర్లు కొందరున్నారు. అదే మనిషి, అదే పరికరం. ఒక గుంపులో నిజం రాశాడు, మరో గుంపులో రాయలేదు. మనుషుల్లో మంచివాళ్లను వెతకడం కాదు, డబ్బు వచ్చే దారిని మార్చడమే మందు అని ఇంతకంటే తేటగా చెప్పే సాక్ష్యం నేను చదవలేదు. నిజం బయటికొచ్చేసరికి ఆ ఫ్యాక్టరీలు కాలుష్యాన్ని కూడా నిజంగానే తగ్గించుకున్నాయి. 2015లో మండలి లాటరీ పద్ధతిని రాష్ట్రంలో అమలుకు తీసుకుంది.

అది ధూళి గురించిన ప్రయోగం, కార్బన్ గురించి కాదన్నది నిజమే. ధూళిని పొగగొట్టంలో మళ్లీ కొలవవచ్చు కాబట్టే అబద్ధం దొరికింది. కార్బన్‌లో మళ్లీ కొలవడమే కష్టం కాబట్టి అక్కడ ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరమని నా వాదన.

వేరే దారులు తొక్కిన ప్రభుత్వాలున్నాయి. కాలిఫోర్నియాలో ఒకే ధ్రువీకరణ సంస్థను వరసగా ఆరేళ్లకు మించి పెట్టుకోకూడదు. అమెరికా కేంద్ర పర్యావరణ సంస్థ మధ్యవర్తులు లేకుండా దాదాపు 8,000 కర్మాగారాల నివేదికలను తనే సరిచూస్తూ వచ్చింది. ఆ కార్యక్రమంలో చాలా భాగాన్ని ఎత్తేయాలని 2025 సెప్టెంబరులో అదే సంస్థ ప్రతిపాదించింది.

పైనుంచి చూసే కన్ను

పాస్‌బుక్ లేని ఖాతా అన్నాను. మీథేన్ విషయంలో ఈ మధ్య ఆ మాట పూర్తిగా నిజం కాకుండా పోతోంది.

2018 ఫిబ్రవరిలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, పౌహటన్ పాయింట్ అనే ఊరి దగ్గర ఎక్సాన్‌మొబిల్ అనుబంధ కంపెనీ గ్యాస్ బావి ఒకటి పేలింది. మూసేయడానికి 20 రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-5పీ, అందులోని ట్రోపోమి అనే పరికరంతో ఆ ప్రాంతం మీదుగా పోతూ చూసింది. మీథేన్ కొన్ని ప్రత్యేకమైన పరారుణ తరంగాలను మింగేస్తుంది. నేల నుంచి తిరిగొచ్చే సూర్యకాంతిలో ఆ తరంగాలు ఎంత తగ్గాయో చూస్తే మధ్యలో ఎంత వాయువు ఉందో తెలుస్తుంది. గాలి వేగాన్ని కలిపి లెక్కగట్టిన శాస్త్రవేత్తలు గంటకు దాదాపు 120 టన్నులని తేల్చారు. 20 రోజులకు సుమారు 60,000 టన్నులు. కంపెనీ రికార్డుల్లోంచి ఒక్క కాగితం అడగకుండా వచ్చిన అంకె ఇది.

ఒక్క బావి సంగతి అలా ఉంచండి. అదే ఏడాది సైన్స్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం అమెరికా చమురు, గ్యాస్ రంగం మొత్తాన్ని నేల మీది నుంచీ విమానాల నుంచీ కొలిచిన కొలతలతో సరిచూసింది. ప్రభుత్వ లెక్కల కంటే మీథేన్ 60 శాతం ఎక్కువగా పోతోందని తేల్చింది. ఇక్కడ ఎవరో అబద్ధం చెప్పారనుకోనక్కర్లేదు. ఇన్ని వాల్వులు, ఇన్ని ట్యాంకులు, ఒక్కోదానికి సగటున ఇంత లీకు అని గుణించుకుంటూ పోతే, మూత తెరిచి మర్చిపోయిన ఒక్క ట్యాంకు ఆ సగటులోకి రాదు. అసలు బరువంతా అలాంటి కొన్ని పెద్ద లీకులదే. లెక్క తప్పకుండా గుణించిన పట్టికను ఆడిటర్ తప్పుపట్టలేడు, ఆకాశం తప్పుపడుతుంది.

మరి కార్బన్ డయాక్సైడ్‌ను ఇలా పట్టుకోలేమా? గాలిలో అది ఇప్పటికే పది లక్షల పాళ్లకు 420 పాళ్లకు మించి ఉంది. ఒక పెద్ద విద్యుత్ కేంద్రం పొగ, పైనుంచి కింది దాకా ఉన్న గాలి మొత్తంలో కలిపి చూస్తే దానికి అదనంగా చేర్చేది ఏ ఒకటో రెండో పాళ్లు. తెల్ల గోడ మీద తెల్ల గీత లాంటిది. నాసా ఓసీఓ-2 ఉపగ్రహంతో కెనడా శాస్త్రవేత్త రే నాసర్ బృందం 2017లో కొన్ని కేంద్రాల ఉద్గారాలను అంచనా వేయగలిగింది, వాటిలో మన మధ్యప్రదేశ్‌లోని సాసన్ కూడా ఉంది. కాని ఆ ఉపగ్రహం చూసే పట్టీ వెడల్పు 10 కిలోమీటర్లే, అదే దారికి తిరిగి రావడానికి 16 రోజులు పడుతుంది, మబ్బు పడితే ఆ రోజు పోయినట్టే. ఈ పనికే ప్రత్యేకంగా ఐరోపా సీఓ2ఎం అనే ఉపగ్రహాలను సిద్ధం చేస్తోంది. ఉపగ్రహాల మీద పూర్తి భారం వేయడమూ ప్రమాదమే. 2024 మార్చిలో ఎన్నో ఆశలతో ఎగిరిన మీథేన్‌శాట్ 2025 జూన్‌లో భూమితో సంబంధం తెంచుకుని మూగబోయింది.

మన లెక్క

మన దేశంలో ఇదంతా ఇప్పుడిప్పుడే వేగం అందుకుంటోంది. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్ఎస్ఆర్ అనే వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక ఇవ్వాలని సెబీ తప్పనిసరి చేసింది. అందులోని ముఖ్యమైన అంకెలను బీఆర్ఎస్ఆర్ కోర్ పేరుతో విడదీసి, వాటిని బయటివాళ్లతో సరిచూపించాలని 2023 జూలైలో ఆదేశించింది. స్కోప్ 1, స్కోప్ 2 అందులో ఉన్నాయి. మొదట 150 కంపెనీలతో మొదలుపెట్టి 2026-27 నాటికి 1,000కి చేరాలన్నది ప్రణాళిక. రీజనబుల్ అష్యూరెన్సే కావాలని అడగడం, సరిచూసే సంస్థ అదే కంపెనీకి సలహాలు అమ్మకూడదని షరతు పెట్టడం మెచ్చుకోదగ్గ విషయాలు. అమెరికాలో ఇప్పటికీ ఇంతదూరం రాలేదు. తర్వాత 2025 మార్చిలో సెబీయే, అష్యూరెన్స్ లేదా అసెస్‌మెంట్, రెండింటిలో ఏదైనా సరేనని సడలించింది. ఖర్చు తగ్గుతుందని, అకౌంటెంట్లకే పని పరిమితం కాదని చెప్పారు. ఇంజనీర్లు రావడం మంచిదే. ప్రమాణం పలచబడకుండా ఉంటుందా అన్నది చూడాలి.

రెండోది కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీమ్. 2023 జూన్‌లో కేంద్రం ప్రకటించిన ఈ పథకాన్ని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నడుపుతుంది. సిమెంటు, ఉక్కు, అల్యూమినియం, ఎరువులు, రిఫైనరీల వంటి తొమ్మిది రంగాలు ఇందులో ఉన్నాయి. కృష్ణా తీరం నుంచి కడప, తాడిపత్రి దాకా ఉన్న మన సిమెంటు ఫ్యాక్టరీలకు ఇది నేరుగా తగులుతుంది. అతి పెద్ద ఉద్గారాల రంగమైన థర్మల్ విద్యుత్తు మాత్రం ఆ తొమ్మిదిలో లేదు.

ఇక్కడ లక్ష్యం మొత్తం టన్నుల మీద కాదు, టన్ను సరుకుకు ఎంత వాయువు అన్న నిష్పత్తి మీద. దీంతో తనిఖీదారు పని రెట్టింపవుతుంది. బొగ్గు తగ్గించి రాస్తే నిష్పత్తి తగ్గుతుంది. ఉత్పత్తి పెంచి రాసినా తగ్గుతుంది. కాబట్టి పొగనూ సరుకునూ రెండింటినీ చూడాలి. ఒక మేలుంది. సరుకు లెక్కకు జీఎస్‌టీ బిల్లుల రూపంలో బయటి సాక్షి ఉన్నాడు. అమ్మని సరుకుకు పన్ను కట్టి మరీ నిష్పత్తి తగ్గించుకునేవాళ్లు అరుదు.

అంతకుముందు ఇంధన పొదుపు కోసం 2012 నుంచి నడిచిన పాట్ పథకంలో కంపెనీ పెట్టుకున్న ఆడిటర్ లెక్కను బ్యూరో మళ్లీ తనిఖీ చేయించే వీలు ఉండేది. కొత్త పథకంలో ఆ మళ్లీ తనిఖీని మాటవరసకు కాకుండా ఏటా లాటరీ తీసి కొన్ని ఫ్యాక్టరీల్లో చేయించాలి. కంపెనీల దగ్గర ఫీజు వసూలు చేసి ఉమ్మడి నిధిలో వేసి, ఆడిటర్‌ను బ్యూరోయే లాటరీతో పంపాలి. బొగ్గు శాంపిల్‌లో ఒక పాలును సీలు వేసి బ్యూరో చెప్పిన ల్యాబ్‌లో దాచాలి. వీటికి కొత్త శాస్త్రం ఏమీ అక్కర్లేదు, గుజరాత్‌లో సగం పని చేసి చూపించారు కూడా.

మీ దగ్గర ఏదైనా పెద్ద కంపెనీ వాటా ఒక్కటి ఉన్నా వార్షిక నివేదికలో బీఆర్ఎస్ఆర్ పేజీలు తెరవండి. చివర ఉండే ధ్రువీకరణ పత్రంలో సంతకం ఎవరిదో, అది లిమిటెడా రీజనబులా, ఏయే స్కోపులకు వర్తిస్తుందో, ఎన్ని ఫ్యాక్టరీలకు స్వయంగా వెళ్లి చూశారో చదవండి. లేనిదాన్ని సర్వసభ్య సమావేశంలో అడగండి. ప్రశ్న అడిగే హక్కు వాటాదారుకు ఉంది, జవాబు మినిట్స్‌లోకి ఎక్కుతుంది.